ఇంటి కంప్యూటర్‌లోనే సొంత వెబ్‌సైట్: అపాచీ సెటప్

హోస్టింగ్ (సైట్‌ని ఇంటర్నెట్‌లో ఉంచే అద్దె చోటు) కొనకముందే సైట్‌ని ఇంట్లో కంప్యూటర్ మీద నడిపి చూసుకోవచ్చు. విండోస్‌లో దీనికి జాంప్ (XAMPP) అనే ఉచిత ప్యాకేజీ సులువు. పేజీలను బ్రౌజర్‌కి అందించే అపాచీ సర్వర్, పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష, మరియాడీబీ అనే డేటాబేస్ మూడూ ఒకే ఇన్‌స్టాలర్‌లో వస్తాయి.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్ జోలికి పోకండి, అక్కడ విండోస్ పర్మిషన్లు అడ్డం పడతాయి. ఇన్‌స్టాలర్ తానే చూపించే సీ డ్రైవ్ ఫోల్డర్‌నే ఉంచేయండి. ఫైళ్లు పంపే సర్వర్ ఫైల్‌జిల్లా, మెయిల్ సర్వర్ మెర్క్యురీ టిక్కులు తీసేయొచ్చు.

జాంప్ కంట్రోల్ ప్యానెల్‌లో అపాచీ పక్కనున్న స్టార్ట్ నొక్కితే ఆ పేరు వెనక పచ్చరంగు రావాలి, పోర్టులు (సర్వర్ వాడే ద్వారాల నంబర్లు) 80, 443 కనిపించాలి. బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ (localhost, అంటే ఈ కంప్యూటరే) అని కొడితే జాంప్ స్వాగత పేజీ తెరుచుకుంటుంది.

పచ్చరంగు ఇలా వచ్చి అలా పోయిందా? చాలాసార్లు 80వ పోర్టును అప్పటికే వేరే ప్రోగ్రామ్ పట్టుకుని కూర్చుని ఉంటుంది. అదేదో ప్యానెల్‌లోని నెట్‌స్టాట్ బటన్ నొక్కితే తెలుస్తుంది. అక్కడ సిస్టమ్ అని, పీఐడీ (ప్రోగ్రామ్‌కి విండోస్ ఇచ్చే నంబరు) 4 అని కనిపిస్తే ముందు అనుమానించాల్సింది విండోస్ సొంత వెబ్ సర్వర్ ఐఐఎస్‌ని. విండోస్ సర్వీసెస్‌లో 'వరల్డ్ వైడ్ వెబ్ పబ్లిషింగ్ సర్వీస్'ను ఆపితే పోర్టు ఖాళీ అవుతుంది. దాన్ని కదపడం ఇష్టం లేకపోతే అపాచీనే పక్కకు జరపండి. అపాచీ వరసలోని కాన్ఫిగ్ బటన్ నొక్కి, లిస్టులో మొదట ఉన్న అపాచీ ఫైల్ (httpd.conf) తెరిచి, 'లిజన్ 80'ని 'లిజన్ 8080' చేయండి. కాస్త కిందున్న సర్వర్‌నేమ్ లైన్‌లోనూ 80ని 8080 చేసి, సేవ్ చేసి, మళ్లీ స్టార్ట్ చేయండి. ఇక నుంచి అడ్రస్ లోకల్‌హోస్ట్:8080. చివరి నంబరు మర్చిపోతే పేజీ రాదు.

సర్వర్ చూపించేది జాంప్ ఫోల్డర్‌లోని హెచ్‌టీడాక్స్ (htdocs) ఫోల్డర్‌లో ఉన్నవే. అందులో మైసైట్ అనే ఫోల్డర్ చేసి, మొదటి పేజీకి ఇండెక్స్.హెచ్‌టీఎంఎల్ అని పేరు పెట్టి లోకల్‌హోస్ట్/మైసైట్ తెరవండి (ఈ పేర్లన్నీ ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో, ఖాళీ లేకుండా). పేజీ బదులు ఫైళ్ల లిస్టు వచ్చిందంటే పేరు చూసుకోండి. నోట్‌ప్యాడ్ చెప్పకుండా చివర టీఎక్స్‌టీ తగిలించి ఉంటుంది, విండోస్ దాన్ని కనపడనివ్వదు. ఎక్స్‌ప్లోరర్‌లో ఫైల్ ఎక్స్‌టెన్షన్లు ఆన్ చేస్తే దొంగ దొరుకుతాడు.

తెలుగులో రాస్తే ఫైల్‌ని యూటీఎఫ్-8 (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి)లో సేవ్ చేసి, పేజీ కోడ్‌లోని హెడ్ భాగంలో మెటా చార్‌సెట్‌ (ఏ పద్ధతో బ్రౌజర్‌కి చెప్పే ట్యాగ్) కూడా అదే ఇవ్వండి. యూటీఎఫ్-8లో 'అ' అనే ఒక్క అక్షరానికి మూడు బైట్లు. చార్‌సెట్ లేకపోతే బ్రౌజర్ వాటిని మూడు వేర్వేరు గుర్తులుగా చదివి పిచ్చిగీతలు చూపించే ప్రమాదం ఉంది.

పీహెచ్‌పీ ఫైల్‌ని డబుల్ క్లిక్ చేస్తే నడవదు, లోకల్‌హోస్ట్ ద్వారానే తెరవాలి.

ఫోన్‌లో చూడాలంటే ఫోనూ కంప్యూటరూ ఒకే వైఫైలో ఉండాలి. కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ కొట్టి, ఐపీవీ4 అడ్రస్‌ని (చాలా ఇళ్లలో 192.168తో మొదలవుతుంది) ఫోన్ బ్రౌజర్‌లో కొట్టండి, చివర /మైసైట్ చేర్చండి. పోర్టు మార్చి ఉంటే అడ్రస్ వెంటనే :8080 కూడా. పేజీ రాకపోతే ఫైర్‌వాల్‌లో అపాచీకి ప్రైవేట్ నెట్‌వర్క్ అనుమతి ఇవ్వండి, పబ్లిక్‌కి మాత్రం వద్దు. రౌటర్‌లో పోర్టు తెరిచి ఇదే సర్వర్‌ని ఇంటర్నెట్‌కి వదలడం అసలే వద్దు. ఎందుకంటే జాంప్ డేటాబేస్‌లో అన్ని అధికారాలూ ఉన్న రూట్ యూజర్‌కి మొదట్లో పాస్‌వర్డే ఉండదు.