చెక్‌పోస్టు దగ్గర మూడు నెలలు: పాలస్తీనా పరిశీలక సేవకు దరఖాస్తు చేసే విధానం

పాలస్తీనాలో ఇజ్రాయెల్ ఆక్రమణ కింద ఉన్న వెస్ట్ బ్యాంక్‌లో ఇజ్రాయెల్ సైన్యం నడిపే చెక్‌పోస్టుల దగ్గర నిలబడి, అక్కడ రోజూ జరిగేది చూసి రాసే స్వచ్ఛంద సేవకులు ఉన్నారు. విదేశీయులకు చోటున్న కార్యక్రమాల్లో పేరున్నది ప్రపంచ చర్చిల మండలిది. జెరూసలేం చర్చిల పెద్దల విన్నపంపై 2002లో ఇది మొదలైంది. పొడి పేరు ఈఏపీపీఐ (ఎక్యుమెనికల్ అకంపనిమెంట్ ప్రోగ్రామ్ ఇన్ పాలస్తీన్ అండ్ ఇజ్రాయెల్). ఒక్కో విడత సుమారు మూడు నెలలు. 2001లో మొదలైన మఖ్సోమ్ వాచ్ ఇజ్రాయెలీ మహిళల సొంత సంస్థ కనుక బయటివారు అటు దరఖాస్తు పెట్టే పని లేదు. వెస్ట్ బ్యాంక్ పట్టణం హెబ్రోనులోని అంతర్జాతీయ పరిశీలక బృందానికి ఇజ్రాయెల్ 2019 జనవరిలో పొడిగింపు ఇవ్వలేదు, ఆ దారి మూసుకుపోయింది.

దరఖాస్తు ఎవరికి?

జెనీవాలోని ప్రధాన కార్యాలయానికి కాదు. ఎంపిక, శిక్షణ ఏ దేశానివి ఆ దేశపు సమన్వయకర్తలే చూస్తారు. బ్రిటన్, ఐర్లండ్‌లలో ఆ పని శాంతివాద క్రైస్తవ సంఘమైన క్వేకర్లది. అక్కడ స్థిరపడిన తెలుగువారు ఏ మతంవారైనా, ఏ మతమూ లేనివారైనా ప్రయత్నించవచ్చు. మన దగ్గర సీఎస్ఐ, తెలుగు బాప్టిస్టుల 'సమావేశం' మండలిలో సభ్య సంఘాలు. ఆ సంఘాల్లోనివారు తమ డయాసిస్ లేదా సంఘ కార్యాలయం ద్వారా అడగడం మేలు. ప్రస్తుతం విడతలు నడుస్తున్నాయా, భారత్ నుంచి తీసుకుంటున్నారా అన్నది ముందే ఉత్తరం రాసి తేల్చుకోండి. ఇందులో ఏజెంటుకు పని లేదు. ఫీజు అడిగేవాడు ఎదురైతే అక్కడితో ఆపేయండి.

సాధారణంగా పాతికేళ్లు దాటినవారినే తీసుకుంటారు. ఇంగ్లీషు ధారాళంగా రావాలి, ఆరోగ్యం, మనోస్థైర్యం ఉండాలి. అరబిక్ రాకపోయినా ఫరవాలేదు. జీతం ఉండదు. ప్రయాణం, వసతి, భోజనం, బీమా ఖర్చుల్లో ఎవరు ఏది భరిస్తారో ముందే రాతపూర్వకంగా తెప్పించుకోండి.

ఫారంలో ఏం రాయాలి?

చాలామంది తడబడేది 'ఎందుకు వెళ్లాలనుకుంటున్నారు' అన్న ప్రశ్న దగ్గరే. పేజీల కొద్దీ ఆవేశం రాస్తారు. అక్కడి పని అది కాదు. బెత్లెహేము నుంచి జెరూసలేం వెళ్లే దారిలో 300 నంబరు చెక్‌పోస్టు ఉంది. 2023 అక్టోబరు వరకు తెల్లవారుజామున నాలుగు గంటలకే ఇనుప తిరుగుడు గేట్ల ముందు ఇజ్రాయెల్‌లో పనికి వెళ్లే పాలస్తీనా పనివాళ్ల వరుస ఉండేది. ఒక్కొక్కరి చేతిలో గుర్తింపు కార్డు, ఇజ్రాయెల్ ఇచ్చే మాగ్నెటిక్ కార్డు, పని పర్మిట్. పరిశీలకులు అక్కడ నిలబడి ఎన్ని లైన్లు తెరిచారో, అరగంటకు ఎంతమంది దాటారో, ఎవరిని వెనక్కి పంపారో రాసుకుంటారు. రోగులు, వృద్ధులు, స్త్రీల కోసం పెట్టిన మానవతా గేటు తెరవకపోతే సైన్యం హాట్‌లైన్‌కు ఫోను చేస్తారు. అరవడం, వాదించడం ఉండదు. ఆ లెక్కలు ఐక్యరాజ్యసమితి సంస్థలకు చేరతాయి కనుక అంకె తప్పు పడకూడదు. కాబట్టి ఫారంలో మీరు ఓపికగా చేసిన పని ఒకటి రాయండి. జనాభా లెక్కల డ్యూటీ, పోలింగ్ కేంద్రంలో ఏజెంటుగా కూర్చున్న రోజు, ఆసుపత్రి వార్డులో సేవ, ఏదైనా సరే. పది విశేషణాల కంటే అదే బరువు తూగుతుంది.

ఇంటర్వ్యూ

కార్యక్రమం సూత్రం ఒకటుంది: పోరాడే పక్షాల్లో ఏ ఒక్కదాని వైపూ నిలవరు, మానవ హక్కులు, అంతర్జాతీయ చట్టం విషయంలో మాత్రం తటస్థులు కారు. ఈ రెండూ ఎలా పొసగుతాయో మీ మాటల్లో చెప్పగలగాలి. యుద్ధకాలంలో పౌరుల రక్షణపై 1949 నాటి నాలుగో జెనీవా ఒడంబడిక, వెస్ట్ బ్యాంక్‌లో ఇజ్రాయెల్ కట్టిన అడ్డుగోడపై 2004 జూలై 9న, ఆక్రమణపై 2024 జూలై 19న అంతర్జాతీయ న్యాయస్థానం ఇచ్చిన సలహా అభిప్రాయాల సారాంశం చదివి వెళ్లండి.

మనవాళ్లు ఆలోచించి పెట్టుకోవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. 2023 అక్టోబరు తర్వాత వెస్ట్ బ్యాంక్ కార్మికుల పర్మిట్లను ఇజ్రాయెల్ చాలావరకు నిలిపివేసింది. ఆ ఖాళీల్లో నిర్మాణ పనులకు భారతీయులను తీసుకుంది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ హైదరాబాద్‌లో 2024లో ఎంపికలు జరిపింది. చెక్‌పోస్టు దగ్గర ఒక పాలస్తీనా మేస్త్రీ 'మీది ఏ దేశం?' అని అడిగితే ఏం చెబుతారు? ఇంటర్వ్యూలో అడిగినా అడగకపోయినా జవాబు సిద్ధం చేసుకోండి.

వీసా, ప్రయాణం

విమానాశ్రయం నుంచి వచ్చినా, జోర్డాన్ వైపు అలెన్‌బీ వంతెన మీదుగా వచ్చినా వెస్ట్ బ్యాంక్ చేరే దారి ఇజ్రాయెల్ చేతిలోనే ఉంది. భారత పాస్‌పోర్టు ఉన్నవారు ముందుగా ఇజ్రాయెల్ వీసా తీసుకోవాలి. బ్రిటిష్, అమెరికన్ పౌరులైన తెలుగువారికి వీసా అక్కరలేదు కానీ 2025 జనవరి 1 నుంచి ఆన్‌లైన్‌లో ముందస్తు ప్రయాణ అనుమతి తప్పనిసరి, రుసుము 25 షెకెళ్లు (ఇజ్రాయెల్ కరెన్సీ). ఇజ్రాయెల్‌ను బహిష్కరించమని పిలుపులిచ్చేవారిని దేశంలోకి రానివ్వకుండా ఆపే చట్టం 2017 నుంచి అమల్లో ఉంది. సామాజిక మాధ్యమాల్లో మీ పాత రాతలు ఒకసారి చూసుకోండి. ఏ వీసా, ఏ కాగితాలు అన్నది సమన్వయకర్త చెప్పినట్టే చేయండి, సొంత తెలివి వద్దు. అధికారులకు అబద్ధం అసలే వద్దు. టికెట్ కొనడం వీసా చేతికొచ్చాకే.

ఎంపికయ్యాక స్వదేశంలో శిక్షణ ఉంటుంది, అక్కడికి చేరాక మరికొంత. తిరిగి వచ్చాక చూసింది నలుగురికీ చెప్పడం కూడా సేవలో భాగమే. చర్చిలు, కాలేజీలు, పత్రికలు ఎక్కడ మాట్లాడతారో దరఖాస్తు సమయంలోనే అడుగుతారు. మీ ఊళ్లో ఎవరు పిలుస్తారో, ఏ భాషలో చెబుతారో పేర్లతో సహా రాసి ఇవ్వండి.