అరుదుగా నడిపే ట్రక్కు స్టార్ట్ కానప్పుడు బ్యాటరీ లోపాన్ని వెతికే విధానం

వారాల తరబడి నిలిపి ఉంచిన ట్రక్కు తాళం తిప్పగానే ఒక్క ‘టక్’ శబ్దం చేసి ఊరుకుంటే, చాలామంది బ్యాటరీ పోయిందని తేల్చుకుని కొత్తది బిగిస్తారు. కొంతకాలానికి ఆ కొత్త బ్యాటరీ కూడా అదే స్థితికి వస్తుంది. ఇలాంటి వాహనంలో బ్యాటరీ దిగిపోవడం వెనుక తరచుగా మరో లోపం ఉంటుంది. ఎక్కడో కొద్దికొద్దిగా కరెంటు ఖర్చవుతూ ఉండవచ్చు, లేదా చిలుము పట్టిన టెర్మినల్ చార్జింగ్‌ను సరిగా లోపలికి పోనివ్వకపోవచ్చు. కాబట్టి డబ్బు ఖర్చు పెట్టే ముందు ఒక డిజిటల్ మల్టీమీటర్ దగ్గర పెట్టుకుని, వరుసగా కొలుచుకుంటూ రావాలి.

చార్జ్ అవుతున్న లెడ్ యాసిడ్ బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వెలువడుతుంది కనుక దగ్గరలో నిప్పురవ్వ కూడా ఉండకూడదు. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. విప్పేటప్పుడు నెగటివ్ కేబుల్‌ను ముందుగా విప్పాలి, బిగించేటప్పుడు దానిని చివరగా బిగించాలి. నెగటివ్ ఉండగా పాజిటివ్‌ను విప్పబోతే, చేతిలోని పానా చాసిస్‌కు తగిలిన క్షణంలోనే షార్ట్ అవుతుంది.

వాహనాన్ని ఒక రాత్రంతా కదపకుండా ఉంచిన తర్వాత బ్యాటరీ వోల్టేజీ చూడాలి. సాధారణ లెడ్ యాసిడ్ బ్యాటరీలో సుమారు 12.6 వోల్టులు ఉంటే పూర్తి చార్జ్, 12.2 దగ్గర ఉంటే సగం, 12 కంటే తక్కువైతే దాదాపు ఖాళీ అని అర్థం. రెండు 12 వోల్టుల బ్యాటరీలను సిరీస్‌లో కలిపిన 24 వోల్టుల ట్రక్కులో మొత్తం వోల్టేజీ ఒక్కటే చూస్తే మోసపోతాము. ఒకటి బాగుండి రెండవది బలహీనపడి ఉండవచ్చు కనుక దేనికదే కొలవాలి. రేడియో వంటి 12 వోల్టుల పరికరాన్ని ఎవరైనా ఒకే బ్యాటరీ నుంచి కలిపి ఉంటే ఈ తేడా తప్పకుండా వస్తుంది.

వోల్టేజీ తక్కువగా ఉంటే ముందు చార్జర్‌తో నిదానంగా పూర్తిగా చార్జ్ చేయాలి. దిగిపోయిన స్థితిలో ఎక్కువ కాలం ఉన్న బ్యాటరీలో లెడ్ సల్ఫేట్ ప్లేట్ల మీద గట్టిపడి, చార్జింగ్‌కు లొంగకుండా పోతుంది. మూతలు తీయగలిగే బ్యాటరీ అయితే ఆమ్లం సాపేక్ష సాంద్రతను కొలిచే హైడ్రోమీటర్‌తో ఒక్కో సెల్ చూడవచ్చు: నిండా చార్జ్ అయిన సెల్ సుమారు 1.265 చూపుతుంది, ఒక సెల్‌కూ మరొక సెల్‌కూ మధ్య 0.050 కంటే ఎక్కువ తేడా ఉంటే ఆ బ్యాటరీని ఇక మార్చవలసిందే.

చార్జ్ నిండిన తర్వాత కూడా ఇంజిన్ భారంగా తిరుగుతుంటే కేబుళ్లను అనుమానించాలి. పైకి మెరుస్తున్న క్లాంప్ (కేబుల్‌ను బ్యాటరీ పోస్టుకు పట్టి ఉంచే బిగింపు) లోపల చిలుము పట్టి ఉండడం మామూలే కనుక కంటితో చూసి వదిలేయకూడదు. మీటర్‌ను డీసీ వోల్టుల మీద ఉంచి, ఒక మొనను బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద (క్లాంప్ మీద కాదు), రెండవ మొనను ఇంజిన్ బ్లాకు మీద శుభ్రమైన లోహానికి ఆనించి, మరొకరిని సెల్ఫ్ కొట్టమనాలి. మీటర్ 0.2 వోల్టులు దాటి చూపితే ఎర్త్ మార్గంలో లోపం ఉంది. అప్పుడు మొనను పోస్టు నుంచి క్లాంప్‌కు, క్లాంప్ నుంచి చాసిస్‌కు జరుపుతూ పోతే, ఏ జాయింటు దగ్గర అంకె ఒక్కసారిగా మారుతుందో అదే దోషి. పాజిటివ్ వైపు కూడా సెల్ఫ్ మోటార్ వరకు ఇదే విధంగా చూడాలి. దొరికిన జాయింటును వంటసోడా కలిపిన నీటితో కడిగి, వైర్ బ్రష్‌తో రుద్ది, ఆరిన తర్వాతే బిగించాలి; సోడా నీరు సెల్స్‌లోకి పోకూడదు.

ఇంజిన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ మీద సుమారు 13.8 నుంచి 14.5 వోల్టులు, 24 వోల్టుల వాహనంలో దానికి రెట్టింపు కనిపిస్తే ఆల్టర్నేటర్ చార్జ్ చేస్తున్నట్టే. కానీ వారానికి పది నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచితే చాలునన్న నమ్మకం సరైనది కాదు. ఒక్కోసారి స్టార్ట్ చేయడానికి, లైట్లకు వాడిన కరెంటే ఆ సమయంలో తిరిగి చేరదు.

ఇక నిలిపి ఉన్నప్పుడు ఖర్చయ్యే కరెంటు. గడియారం, తాళాల వ్యవస్థ, కంప్యూటర్ జ్ఞాపకశక్తి కోసం కొంత ఖర్చు సహజమే. 50 మిల్లీఆంపియర్లు చాలా వాహనాలలో ఒప్పుకోదగిన పరిమితి. అయినా ఆ 50 మిల్లీఆంపియర్లే రోజుకు 1.2 ఆంపియర్ అవర్ల చొప్పున, ఆరు వారాలలో 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీని సగానికి దింపుతాయి. అంటే ఏ లోపమూ లేని ట్రక్కు కూడా నిలిపి ఉంచితే దిగిపోతుంది.

ఈ ఖర్చును కొలవడానికి మీటర్‌ను 10 ఆంపియర్ల స్థానంలో పెట్టి, నెగటివ్ పోస్టుకూ విప్పిన కేబుల్‌కూ మధ్య కలపాలి. తలుపు తెరిచి పనిచేయవలసి వస్తే, లాచ్‌ను స్క్రూడ్రైవర్‌తో మూసిన స్థితికి నెట్టి ఉంచాలి. లేకపోతే లోపలి దీపం, వాహనంలోని చిన్న కంప్యూటర్లయిన మాడ్యూళ్లు మేల్కొని ఉంటాయి. మాడ్యూళ్లు నిద్రపోవడానికి దాదాపు గంటసేపు ఆగాలి. ఈలోగా పొరపాటున సెల్ఫ్ కొడితే మీటర్‌లోని ఫ్యూజు ఎగిరిపోతుంది. అంకె ఎక్కువగా ఉంటే ఫ్యూజులను పీకడం కంటే, ప్రతి ఫ్యూజు నెత్తి మీద ఉండే రెండు చిన్న లోహపు చుక్కల మధ్య మిల్లీవోల్టులు కొలవడం మేలు: అక్కడ సున్నా కాకుండా ఏదైనా చూపితే ఆ సర్క్యూట్‌లో కరెంటు పారుతోంది. పీకి మళ్లీ పెడితే నిద్రపోయిన మాడ్యూల్ లేచి, లెక్క తప్పుతుంది. ఏ ఫ్యూజులోనూ కనబడకపోతే ఆల్టర్నేటర్ డయోడ్ లీకేజీని అనుమానించాలి. బ్యాటరీ నెగటివ్ విప్పి, ఆల్టర్నేటర్ లావు కేబుల్‌ను తీసి, దాని కొన దేనికీ తగలకుండా ఇన్సులేషన్ టేపు చుట్టి, మళ్లీ కొలిస్తే తేలిపోతుంది. వాహనం కొన్న తర్వాత అదనంగా బిగించిన ట్రాకర్లు, కెమెరాలు కూడా తరచుగా ఇక్కడే పట్టుబడతాయి.

లోపం సరిచేసిన తర్వాత, బ్యాటరీ రకానికి తగిన మెయింటెయినర్ చార్జర్‌ను (చార్జ్ తగ్గకుండా కొద్దికొద్దిగా నింపుతూ ఉండే చార్జర్) కలిపి ఉంచడం ఒక మార్గం. విద్యుత్తు అందని చోట బ్యాటరీ కటాఫ్ స్విచ్ ఆపి ఉంచాలి. ఎగ్జాస్ట్ శుద్ధి కోసం యూరియా ద్రావణం వాడే డీజిల్ ట్రక్కులలో, ఇంజిన్ ఆపిన తర్వాత కూడా గొట్టాలను ఖాళీ చేసే పంపు కొన్ని నిమిషాలు పనిచేస్తుంది. అది ఆగకముందే స్విచ్ ఆపితే గొట్టాలలో మిగిలిన ద్రావణం స్ఫటికాలు కడుతుంది కనుక, తయారీదారు చెప్పిన వ్యవధి పూర్తయిన తర్వాతే స్విచ్ మీద చేయి వేయాలి.