హాంకాంగ్ నుంచి కూలీల ఓడ కదలాలంటే: 1855 చట్టం కింద దరఖాస్తు విధానం

19వ శతాబ్దం మధ్యలో చైనా దక్షిణ తీరం నుంచి క్యూబా, పెరూ, కాలిఫోర్నియా, ఆస్ట్రేలియాలకు వేలమంది కూలీలు ఓడల్లో వెళ్లారు. దళారులు చాలామందిని మాయమాటలతో రప్పించి, రేవు దగ్గరి కొట్లలో బంధించి, ఓడ ఎక్కించేవారు. అక్కడి జనం ఆ వ్యాపారాన్ని 'పందిపిల్లల అమ్మకం' అనేవారు. 1852లో అదే తీరంలోని అమోయ్ (ఇప్పటి షియామెన్) రేవులో దీని మీద అల్లర్లు జరిగాయి. అప్పటికి హాంకాంగ్ బ్రిటిష్ వాళ్ల చేతిలో ఉంది. మూడేళ్లకు బ్రిటిష్ పార్లమెంటు చైనీస్ ప్యాసింజర్స్ యాక్ట్ తెచ్చింది.

ఎవరు దరఖాస్తు చేయాలి?

ఓడ యజమాని గానీ, ఓడను బాడుగకు తీసుకున్నవాడు గానీ చేయాలి. ఆసియా ప్రయాణికులు 20 మందికి మించి ఉండి, ప్రయాణం ఏడు రోజులు దాటేదైతే అనుమతి తప్పనిసరి. హాంకాంగ్ నుంచి బయల్దేరితే ఏ దేశపు ఓడకైనా ఇదే నియమం. చైనాలోని మిగతా రేవుల నుంచి, తీరానికి 100 మైళ్ల లోపు చోట్ల నుంచి వెళ్లేవాటిలో మాత్రం బ్రిటిష్ ఓడలకే వర్తిస్తుంది.

గమనించాల్సింది ఏమిటంటే, వెళ్లే మనిషి పెట్టుకునే దరఖాస్తు ఇందులో ఎక్కడా లేదు.

పద్ధతి

ముందుగా ఎమిగ్రేషన్ ఆఫీసర్‌కు నోటీసు ఇవ్వాలి. ఓడ ఎక్కడికి వెళ్తుందో, ఏ రోజు బయల్దేరుతుందో అందులో చెప్పాలి. నోటీసు అందాక ఏడు రోజుల వరకు సర్టిఫికెట్ ఇవ్వాల్సిన బాధ్యత ఆఫీసర్‌కు లేదు. ఈలోగా ఆయన ఎప్పుడైనా ఓడెక్కి తనిఖీ చేయవచ్చు. కెప్టెన్ జామీనుదారులతో కలిసి 1,000 పౌండ్లకు పూచీకత్తు రాసివ్వాలి.

తనిఖీలో మొదట చూసేది చోటు. కింది డెక్కులో పెద్దవాళ్లు ఒక్కొక్కరికి 12 చదరపు అడుగులు, 72 ఘనపు అడుగులు ఉండాలి. అంటే ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు. మనిషి చాప పరుచుకుని పడుకుంటే అయిపోయే చోటు, అదీ నెలల తరబడి! 12 ఏళ్లలోపు పిల్లలైతే ఇద్దరిని కలిపి ఒక్కరిగా లెక్కేస్తారు. పై డెక్కులో గాలి పీల్చుకోవడానికి తలా ఐదు చదరపు అడుగులు ఖాళీగా వదలాలి. తర్వాత తిండి, నీళ్లు, వంటచెరకు, మందులు, డాక్టరు, దుబాసీ ఉన్నారో లేదో చూస్తారు. సరుకులు ఎన్ని రోజులకు సరిపోవాలన్నది గవర్నర్ ప్రకటన ప్రకారం లెక్కిస్తారు. తెరచాప ఓడలు కాబట్టి గాలివాటాన్ని బట్టి ఆ రోజుల లెక్క మారేది.

అసలైన మెట్టు చివర్లో వస్తుంది. ఆఫీసర్ ప్రయాణికులందరినీ నిలబెట్టి, ఎక్కడికి వెళ్తున్నారో, పని ఒప్పందంలో ఏముందో వాళ్లకు తెలుసో లేదో నిర్ధారించుకోవాలి. ఒప్పందం అన్యాయంగా ఉన్నా, మోసమో బలవంతమో జరిగిందని అనుమానం వచ్చినా ఓడను ఆపి వాళ్లను ఒడ్డుకు దించే అధికారం ఆయనకు ఉంది. నా దృష్టిలో చట్టం మొత్తానికి ప్రాణం ఈ ఒక్క నిబంధనే. మద్రాసు రేవు నుంచి మారిషస్, దక్షిణాఫ్రికాలోని నాటాల్ వెళ్లిన మన తెలుగు కూలీల దగ్గర ఇలా అడిగి తెలుసుకోవాల్సిన అధికారి పేరు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్. గల్ఫ్ వెళ్లేవాళ్ల కోసం హైదరాబాద్‌లో ఉన్న ఆఫీసుది ఇప్పటికీ ఆ పేరే.

సర్టిఫికెట్ వచ్చాక

దారిలో బ్రిటిష్ యుద్ధనౌకల అధికారులు, కాన్సుల్స్ ఓడెక్కి కాగితాలు అడగవచ్చు. నియమం తప్పితే పూచీకత్తు డబ్బు పోతుంది.

అయినా 1856లో హాంకాంగ్ నుంచి క్యూబాలోని హవానాకు వెళ్లిన జాన్ కాల్విన్, పోర్ట్‌లాండ్ ఓడల్లో మూడో వంతుకు పైగా మనుషులు దారిలోనే చనిపోయారు. చోటు కొలవడం తేలిక. కొట్లో బెదిరింపులు తిన్న మనిషి, దళారి చూస్తుండగా 'నాకు ఇష్టం లేదు' అని నోరు తెరవడం తేలిక కాదు.

నియమాలు గట్టిపడేకొద్దీ క్యూబా, పెరూ ఓడలు పోర్చుగీసుల చేతిలోని మకావు నుంచి బయల్దేరసాగాయి. ఆ దారి 1874లో గానీ మూతపడలేదు. అదే ఏడాది చెన్ లాన్‌పిన్ నాయకత్వంలో చైనా కమిషన్ క్యూబాకు వెళ్లి 1,176 మంది కూలీల వాంగ్మూలాలు రాసుకుంది. ఓడెక్కే ముందు అడగాల్సిన ప్రశ్నకు వాళ్లు అక్కడ జవాబు చెప్పారు. పదిమందిలో ఎనిమిది, తొమ్మిది మంది తమ ఇష్టంతో వచ్చినవాళ్లు కాదని కమిషన్ రాసింది.