అపార్ట్‌మెంట్‌లో కిచెన్ క్యాబినెట్ల పని: కొలతల నుంచి అప్పగింత దాకా

కిచెన్ పని ఆలస్యమైతే అందరూ ఫిట్టర్‌నే తప్పుపడతారు. చాలాసార్లు అసలు తేడా కొలతల్లోనే ఉంటుంది. డ్రాయింగ్‌లో ఒకేలా ఉన్న ఫ్లాట్లు కట్టాక ఒకేలా ఉండవు. డ్రాయింగ్ ఒక్కటే చూసి ఫ్యాక్టరీకి ఆర్డర్ పెట్టొద్దు.

1. కొలతలు. ప్లాస్టరింగ్, ఫ్లోరింగ్ అయ్యాకే కొలవండి. ప్రతి గోడనూ నేల దగ్గర, కౌంటర్ ఎత్తులో, వాల్ యూనిట్ల (గోడకు బిగించే పై క్యాబినెట్ల) ఎత్తులో కొలిచి, అన్నిటికన్నా తక్కువ వచ్చినదాన్ని రాసుకోండి. మూల చూడటానికి ఒక గోడ మీద 60 సెం.మీ., రెండో గోడ మీద 80 సెం.మీ. దగ్గర గుర్తు పెట్టండి. వాటి మధ్య సరిగ్గా 100 రావాలి. తక్కువొస్తే మూల ఇరుకు, ఎక్కువొస్తే వెడల్పు.

గోడ పక్కన, మూలలో 30 నుంచి 50 మి.మీ. ఫిల్లర్‌కు, అంటే సందు మూసే పట్టీకి, చోటు వదలండి. అది లేకపోతే మూలలోని డ్రాయర్ పక్క డ్రాయర్ హ్యాండిల్‌కు తగిలి సగంలోనే ఆగిపోతుంది. హ్యాండిల్ బయటికి పొడుచుకొస్తే ఇంకాస్త ఎక్కువే వదలాలి.

2. నమూనా ఫ్లాట్. సింకు, స్టవ్, చిమ్నీతో సహా ఒక ఫ్లాట్ పూర్తి చేసి, ప్రతి షట్టరూ (క్యాబినెట్ తలుపూ) తెరిచి చూడండి. ప్లంబర్, ఎలక్ట్రీషియన్ కూడా చూసి సరే అన్నాకే మిగతావాటికి ఆర్డర్ ఇవ్వండి. ఈ మెట్టు దాటేస్తే ఒకే తప్పు ప్రతి అంతస్తులోనూ వస్తుంది. కుడి ఎడమలు తారుమారైన ఫ్లాట్లకు డ్రాయింగులు విడిగా ఉండాలి.

3. సరుకు. ప్రతి ప్యాకెట్ మీదా ఫ్లాట్ నంబరు రాయించి, అంతస్తుల వారీగా దింపించండి. కిటికీలు బిగించకముందు తెప్పించొద్దు. తడి తగిలి ఉబ్బిన పార్టికల్ బోర్డు అంచు మళ్లీ మామూలు కాదు.

4. బిగింపు. లేజర్ లెవెల్‌తో నేలలో అన్నిటికన్నా ఎత్తైన చోటు పట్టుకుని, అక్కడి నుంచే బేస్ యూనిట్ల (నేల మీద నిలిచే కింది క్యాబినెట్ల) ఎత్తు గుర్తించండి. పల్లంలో కాళ్లు పెంచుకోవచ్చు, మెరకలో తగ్గించడానికి చోటుండదు. ముందు వాల్ యూనిట్లు బిగిస్తే కింద అడ్డముండదు. తేలికపాటి ఏఏసీ బ్లాకు (గాలి బుడగలున్న కాంక్రీటు ఇటుక) గోడలో స్క్రూకు పెట్టే మామూలు ప్లగ్ వదులైపోతుంది, దానికోసం చేసిన యాంకర్లే వాడాలి. గోడ లోపలికి ఉన్నచోట సందులో చెక్క ముక్క పెట్టకుండా స్క్రూ బిగిస్తే పెట్టె మెలిపడుతుంది. ఆ తర్వాత హింజ్ ఎంత తిప్పినా షట్టర్లు వరస కలవవు.

5. కౌంటర్. బేస్ యూనిట్లు లెవెల్‌కు వచ్చాకే రాయికి కొలత తీయండి. సింకు కోసం కోసిన అంచులకు సీలెంట్ పూయండి. రాయి బరువు పడ్డాక యూనిట్లు కాస్త కుదురుకుంటాయి కాబట్టి షట్టర్ల చివరి సర్దుబాటు ఆ తర్వాతే.

6. అప్పగింత. సింకు నింపి ఒక్కసారిగా వదిలి, కింద పైపు అతుకులను పొడి కాగితంతో తుడిచి చూడండి. అదే బ్యాచ్ షట్టర్లు కొన్ని అదనంగా ఉంచుకోండి. తర్వాత తెప్పిస్తే రంగు కలవదు.