సినిమా లోగో చదువుదాం – 3వ పాఠం: ఊదే బొమ్మలు

పోయిన పాఠంలో సెన్సార్ సర్టిఫికెట్ చూశాం. అందులో ‘యుఎ’ (పిల్లలు పెద్దల తోడుతో చూడాలనే గుర్తు) కనిపిస్తే ఆ కాగితం 1983కు ముందుది కాదు. అంతమాత్రాన సినిమా కూడా 1983 తర్వాతదే అనుకోకండి. పాత చట్టంలో సర్టిఫికెట్ గడువు పదేళ్లే. పాత సినిమాకు కొత్త కాగితం ఉండొచ్చు. అందుకే తెర మీద కాగితం పోయాక వచ్చే సినిమా కంపెనీ లోగో మీద కన్నేయాలి.

చూసే పద్ధతి చెప్తాను. ఒకే లోగోను మూడుసార్లు వేసుకోండి. మొదటిసారి సౌండు తీసేసి బొమ్మ మాత్రమే. రెండోసారి కళ్లు మూసుకుని వినడమే. మూడోసారి ఆపి ఆపి అక్షరాలు. నోట్‌బుక్‌లో కంపెనీకి ఒక పేజీ ఇచ్చి, సినిమా పేరు, ఏడాది వేసి, చూసింది చూసినట్టు రాయండి. ‘బాగుంది’ అని రాస్తే పనికిరాదు. ఎవరున్నారు, ఏం చేస్తున్నారు, ఎటు తిరిగి ఉన్నారు అన్నది కావాలి.

మహారాష్ట్ర సరిహద్దులో ధర్మాబాద్, కిన్వట్, సిరొంచ వైపు ఉన్న మనకు ఇందులో ఒక సౌకర్యం ఉంది. బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు కాబట్టి రెండు వైపుల సినిమాలూ మనవే. ఆ సౌకర్యాన్ని ఇవాళ వాడుకుందాం.

మరాఠీ వైపు నుంచి ప్రభాత్ ఫిల్మ్ కంపెనీ. వెనక్కి వంగి, తుతారీ (ఊదే కొమ్ము) పైకెత్తి ఊదుతున్న స్త్రీ దాని గుర్తు. శాంతారాం, దామ్లే, ఫత్తేలాల్, ధాయ్‌బర్, కులకర్ణి కలిసి 1929లో కొల్హాపూర్‌లో పెట్టిన కంపెనీ ఇది. అప్పటికి మనదగ్గర టాకీలు, అంటే మాటలున్న సినిమాలు, లేవు. ప్రభాత్ మొదటి టాకీ ‘అయోధ్యేచా రాజా’ 1932లో వచ్చింది. ఇప్పుడు మీరే తేల్చండి: లోగోతో పాటు సంగీతం వినిపించే ప్రభాత్ సినిమా కాపీ ఒకటి మీ చేతికొస్తే అది ఏ ఏడాదికి ముందుది కాలేదు? తారీఖు ఎక్కడా రాసి లేకపోయినా చెవి సగం పని చేసిపెడుతుంది. అయితే మూకీకి (మాటల్లేని సినిమాకు) తర్వాతెవరో సంగీతం కలిపిన ప్రతులూ తిరుగుతుంటాయి, జాగ్రత్త.

1933లో కంపెనీ పుణె చేరింది. 1942లో శాంతారాం బయటికొచ్చి బొంబాయిలో రాజకమల్ కళామందిర్ పెట్టాడు. తండ్రి రాజారాం, తల్లి కమల, ఇద్దరి పేర్లూ కలిపాడు. దాని లోగోలో తామరపువ్వు, పువ్వులు చల్లే స్త్రీ. మనిషి విడిపోయాడు గానీ, తెర మధ్యలో స్త్రీ బొమ్మ నిలపడం ఆయనతోనే వచ్చిందని నాకనిపిస్తుంది. అందం రాజకమల్‌దే, నేర్చుకోవడానికి మాత్రం ప్రభాత్‌దే మేలు. ఒకే గీతలో మనిషి, వాయిద్యం, పని, మూడూ తెలిసిపోతాయి. ఇప్పటి లోగోలు గిరగిరా తిరిగి, మెరిసి, నిప్పురవ్వలు చల్లి, చివరికి పేరు ఒక్కటే మిగులుస్తాయి.

ప్రభాత్ 1953లో మూతపడింది. పుణెలో ఆ స్టూడియో ఉన్న చోటే ఇప్పుడు ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ నడుస్తోంది.

ఇక తెలుగు వైపు వైజయంతీ మూవీస్. ఇక్కడా ఊదుడే! కృష్ణుడి వేషంలో ఎన్టీఆర్ శంఖం పూరిస్తుంటారు. అశ్వనీదత్ ఈ బ్యానర్ మీద తీసిన మొదటి సినిమా ‘ఎదురులేని మనిషి’, 1975. హీరో ఎన్టీఆరే, బ్యానర్‌కు పేరు పెట్టిందీ ఆయనే. తేడా గమనించండి. ప్రభాత్ స్త్రీ ఎవరో తెలియాల్సిన పనిలేదు, ఆమె గుర్తు మాత్రమే. ఇక్కడ ముఖం చూడగానే థియేటర్లో ఈల పడుతుంది. లోగోలో తెలిసిన ముఖం ఉందా లేదా అన్నది మీ పేజీలో తప్పక రాయాల్సిన సంగతి. ఆ కంపెనీ ఎవరి అభిమానాన్ని నమ్ముకుని మొదలైందో అందులో దొరుకుతుంది.

ఒక చిక్కు: టీవీలో, ఫోన్‌లో పాత సినిమా పెడితే ముందు వీడియో హక్కులు కొన్నవాళ్ల లోగో వస్తుంది. అది నిర్మాతది కాదు. దాన్ని దాటాకే రాయడం మొదలుపెట్టండి. కొందరు అసలు లోగో కత్తిరించేస్తారు కూడా. అప్పుడు టైటిల్స్‌లో నిర్మాత పేరు, బ్యానర్ పేరు పట్టుకుని, అదే బ్యానర్ ఇంకో సినిమా వెతకాలి.

అభ్యాసం: ‘అయోధ్యేచా రాజా’ హిందీలోనూ తీశారు. రెండు ప్రతులూ దొరికితే పక్కపక్కన పెట్టి లోగోలో అక్షరాలు ఒకటేనా, వేరేనా చూసి రాయండి. రెండోది, సురేష్ ప్రొడక్షన్స్ పాత సినిమాలు ఏవైనా రెండు వేసుకుని, ఎస్, పి అక్షరాల మీద నిలబడ్డ ఇద్దరు పిల్లలు ఎవరో ఇంట్లో పెద్దవాళ్లనడగండి. జవాబు వచ్చే పాఠంలో, విజయా వారి లోగోలోని జెండాతో కలిపి.