పసిబిడ్డకు నూనె రాసే పద్ధతి: చర్మానికి మేలు చేసేది, చేటు తెచ్చేది

పుట్టిన బిడ్డ చర్మం పెద్దల చర్మం కన్నా పలుచన. తేమను పట్టి ఉంచే పైపొర ఇంకా కుదురుకోని ఆ మొదటి వారాల్లో, తగిన నూనెను పలుచగా రాస్తే తేమ ఆవిరైపోకుండా ఆగుతుంది. పుట్టగానే ఒంటిమీద కనిపించే తెల్లని జిడ్డుపొరను మాత్రం రుద్ది తీయరాదు. తొలి స్నానానికి కనీసం 24 గంటలు ఆగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.

శ్రీకాకుళం జిల్లాలోని కొబ్బరితోటల సీమ ఉద్దానంలో ఇంటి కాయలతో ఆడించిన కొబ్బరినూనె దొరుకుతుంది గనుక దానిని మించి వెతకనక్కరలేదు. లినోలిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం అధికంగా ఉన్న పొద్దుతిరుగుడు నూనె కూడా మంచిదే. బంధువులు ప్రేమగా తెచ్చే ఆలివ్ నూనె ఖరీదైనదే గాని, అందులోని ఒలియిక్ ఆమ్లం చర్మపు పైపొరను సడలిస్తుంది. ఇచ్ఛాపురం వైపు ఒడియా ఇళ్లలో వాడే ఆవనూనె లేత చర్మాన్ని మండిస్తుంది. ఏ నూనెనైనా ముందు మోచేతి మడత దగ్గర ఒక చుక్క రాసి, ఒక రోజు చూడాలి.

పాలు తాగిన ముప్పావు గంట తరువాత, గాలి తగలని గదిలో, నూనెగిన్నెను వేడినీళ్లలో కాసేపు ఉంచి, మణికట్టు మీద గోరువెచ్చగా తోచాకే మొదలుపెట్టాలి. మామ్మ కాళ్లు చాపి, బిడ్డను వాటి మీద పడుకోబెట్టుకుంటే పట్టు బాగుంటుంది. తొడ నుండి పాదానికి, భుజం నుండి వేళ్లకు అరచేతిని జార్చాలి తప్ప, ఎముక గట్టిపడుతుందని కీళ్లను లాగరాదు. బిడ్డ ముఖం చిట్లిస్తే ఒత్తిడి ఎక్కువైనట్టే. పది, పదిహేను నిమిషాలు చాలు. మాడు మీద నూనె అంటాలి, నొక్కరాదు.

ముక్కులో, చెవుల్లో నూనె పోసే అలవాటును, పెద్దల మాట కాదనవలసి వచ్చినా, మానిపించాలి. ముక్కులో పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా రావచ్చు. ఊడని బొడ్డును పొడిగా ఉంచాలి. బిడ్డ రొమ్ములను పిండి పాలు తీయడం చీముగడ్డలకు దారి తీస్తుంది. నూగు పోవాలని శనగపిండి నలుగు పెట్టి రుద్దితే, నూనె వల్ల కలిగిన మేలు ఆ రాపిడితోనే పోతుంది. మెడ, గజ్జల మడతల్లో నిలిచిన నూనెను మెత్తని గుడ్డతో అద్ది తీయాలి. వేసవిలో చెమటకాయలు మొదలయ్యేది అక్కడే. ఎర్రబారి నీరు కారినా, చీముపొక్కులు లేచినా నూనె ఆపి వైద్యుడికి చూపించాలి. నెలలు నిండక పుట్టిన బిడ్డకైతే వైద్యుణ్ణి అడిగాకే నూనెగిన్నె ముట్టాలి.