చేప పొలుసంత వెండి నాణెం: ఏ ఊరిదో పట్టుకోవడం ఎలా

మా నాన్నగారు వైజాగ్ కురుపాం మార్కెట్‌లో వెండి పని చేసేవారు. ఆయన పోయాక నగలు చెల్లి తీసుకుంది. నేను త్రాసు, కంటికి బిగించుకునే భూతద్దం, ఒక డబ్బాడు గురిగింజలు తెచ్చుకున్నాను. గ్రీకు చిల్లర నాణేల పిచ్చి పట్టాక తెలిసింది, ఈ పనికి కావలసిన సామాను దాదాపు అదేనని.

చిల్లర అంటే మరీ చిల్లర. ఏథెన్స్ లెక్కలో 6 ఒబోళ్ళు ఒక డ్రాక్మా. డ్రాక్మా సుమారు 4.3 గ్రాములు, ఒబోల్ 0.72, అంటే ఇంచుమించు ఆరు గురిగింజల ఎత్తు. పావు ఒబోల్ అయితే 0.18 గ్రాములే. జనం వీటిని బుగ్గన పెట్టుకుని తిరిగేవారు. క్రీ.పూ. 422లో ఆడిన అరిస్టోఫనీస్ నాటకంలో ఒక ముసలాయన గోడు వినండి. తోటివాడు చేపల బజారులో డ్రాక్మా మార్చి, ఈయన వాటా అంటూ మూడు చేప పొలుసులు చేతిలో పెట్టాడట. ఈయన ఒబోళ్ళనుకుని నోట్లో వేసుకుని, ఆ కంపుకి ఉమ్మేశాడట. ఫిషింగ్ హార్బర్‌లో చేప కోయించుకున్నవాళ్ళకి ఆ బాధ వేరే చెప్పక్కర్లేదు.

నాణెం చేతికి రాగానే బొమ్మ చూడకండి, తూచండి. ఫ్యాన్ ఆపి మరీ తూచండి, లేకపోతే అంకె నిలవదు. సింహం వెనక్కి తిరిగి చూస్తోంది అనుకోండి. తూకం 1.2 దగ్గరుండి, రెండోవైపు నక్షత్రంలాంటి పువ్వుంటే అది మిలీటస్ అనే ఊరిది. తూకం 2.4 దగ్గరుండి, రెండోవైపు నాలుగు గళ్ళు, గళ్ళలో చుక్కలుంటే థ్రేస్‌లోని ఖెర్సొనీస్‌ది. సింహాన్ని నమ్ముకుంటే రెండూ ఒకటే అనిపిస్తాయి. అరిగినవి కాస్త తేలిక ఉంటాయి, అది మామూలే. ఉండాల్సిన దానికన్నా బాగా బరువుంటే మాత్రం నేను పక్కన పెట్టేస్తాను.

పాతవాటికి వెనక చదరపు గుంట ఉంటుంది. కింద అచ్చు, మధ్యలో వెండి బిళ్ళ, పైన మేకులాంటి పోటు పెట్టి సుత్తితో కొట్టేవారు. ఆ పోటు దిగిన గుర్తే ఆ గుంట.

నా దగ్గరున్న ఒకటి చెబుతాను. 0.38 గ్రాములు, చిటికెనవేలి గోరంత. మొదట గుర్రమనుకున్నాను. టేబుల్ లైటు పక్కకి వంచి, నాణేన్ని మెల్లగా తిప్పుతూ చూస్తే మెడమీద చుక్కల వరుస కనబడింది. జూలు కాదు, పంది వెంట్రుకలు. ముందు కాళ్ళ దాకా మాత్రమే ఉన్న అడవిపంది. దాని వీపు వెనక నిలువుగా ఏదో గీత. భూతద్దంలో చూస్తే చేప, తోక నాణెం అంచు దాటిపోయింది. వెనకవైపు గుంటలో నోరు తెరిచిన సింహం తల. పంది, చేప, సింహం కలిశాయంటే సైజికస్, క్రీ.పూ. 5వ శతాబ్దం, అర ఒబోల్. మర్మరా సముద్రం ఒడ్డునున్న ఆ ఊరికి నల్ల సముద్రం నుంచి గుంపులుగా దిగే ట్యూనాయే జీవనం. మనం సూర అంటామే, అదే.

ఏథెన్స్ వాళ్ళు ఇంకా తెలివైనవాళ్ళు. చాలావాటిమీద గుడ్లగూబే గానీ, క్రీ.పూ. 4వ శతాబ్దపు రెండు ఒబోళ్ళ నాణెం మీద ఒక తలకి రెండు ఒళ్ళు పెట్టారు, చేతిలో చూడగానే తెలిసేలా. పక్కన ఊరి పేరులోని మొదటి మూడక్షరాలు: ఆల్ఫా, తీటా, ఎప్సిలాన్. ఆనాటి తీటా సున్నాలో చుక్క. అశోకుడి బ్రాహ్మిలో ‘థ’ కూడా అచ్చం అలాగే ఉంటుంది.

నకిలీల సంగతి. ముందు నుంచి కనిపించే శిరస్త్రాణం, వెనక నాలుగు ఆకుల బండిచక్రం, ఆకుల మధ్య అక్షరాలు: మెసెంబ్రియా అనే ఊరి డయోబోల్, అంటే రెండు ఒబోళ్ళ నాణెం. ఒక వ్యాపారి దగ్గర రెండు కొన్నాను. ఇంటికొచ్చి పక్కపక్కన పెడితే రెండింటికీ అంచున ఒకేచోట, ఒకే వంకరతో చీలిక! ఒకే అచ్చుతో వంద నాణేలు కొట్టొచ్చు. కానీ సుత్తి దెబ్బకి చీలే అంచు దేనికదే. 1988లో ఈ ఊరివీ, అపొలోనియా పొంటికా అనే మరో ఊరివీ కుప్పలుగా బజారులోకొచ్చి, పెద్ద వాదన నడిచాక నకిలీలని తేల్చారని నాకు తర్వాత తెలిసింది. ఆ రెండూ దాచాను, కొత్తవాళ్ళకి చూపించడానికి.

వైజాగ్ గాలికి వెండి నల్లబడుతుంది. నల్లబడనివ్వండి. నా మొదటి ఒబోల్‌ని దేవుడి సామాన్లతోబాటు చింతపండు, విభూది పెట్టి తోమాను. గుడ్లగూబకి కళ్ళు పోయాయి. పైగా రెండు వేల ఏళ్ళు మట్టిలో ఉన్న వెండి అప్పడంలా విరిగిపోవచ్చు, వేళ్ళతో నొక్కకండి. మెత్తటి పీవీసీ కవర్లు వద్దు, జిగురుగా పచ్చటి మరక దిగుతుంది. కాగితం కవరు, బిగుతు మూత డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు చాలు.

కొంటే బిల్లు అడగండి. 1972 పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణేన్ని మామూలు మనిషి దేశం దాటించకూడదు, మీ అబ్బాయికి అమెరికా పంపుదామనుకున్నా సరే.

చూసేటప్పుడు కింద తువ్వాలు పరచుకోండి. నా పంది ఒకసారి జారి గచ్చుమీద పడింది. సాయంత్రం దాకా వెతికితే, చివరికి చేటలో, ఊడ్చిన దుమ్ములో దొరికింది.